లాసెట్‌కు ఆఖరి వారం: చదివింది హాల్లో ఎందుకు గుర్తు రాదు?

సెక్షన్ 144 అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఒకటే. ఊళ్లో గొడవలు జరిగితే జనం గుమిగూడొద్దని పోలీసులు మైకులో చెప్పే సెక్షన్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే సీఆర్‌పీసీలో, అది నిజమే. 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో, 144 భరణానికి సంబంధించింది. నిషేధాజ్ఞలు 163కి వెళ్లాయి. పాత 125లో ఉండే భరణం వచ్చి 144లో కూర్చుంది. 482ది ఇంకో తమాషా. పాత చట్టంలో ఆ నంబరు హైకోర్టుకున్న స్వతస్సిద్ధ అధికారాలది, కొత్త చట్టంలో ముందస్తు బెయిలుది. హైకోర్టు అధికారాలు ఇప్పుడు 528లో ఉన్నాయి.

ఇంట్లో కూర్చుని చదువుతుంటే ఇందులో కష్టమేమీ కనపడదు. లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ హాల్లో "బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144 దేనికి సంబంధించినది?" అని తెర మీద కనపడగానే మౌస్ తిన్నగా నిషేధాజ్ఞల మీదికి పోతుంది. బయటికొచ్చాక "తెలిసిందే, టెన్షన్‌లో తప్పు పెట్టేశాను" అంటారు.

నిజానికి టెన్షన్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. మొదటిది, విషయం మనకు ఎదురుగా ఉన్నప్పుడు గుర్తుపట్టగలం గానీ పుస్తకం మూశాక బయటికి తీయలేం. రెండోది, ఒకేలా ఉండే రెండు విషయాలు ఒకదాని మీద ఒకటి పడిపోయి తికమకవుతాయి. మూడోదే అసలు భయం: గుండె దడ, చేతులకు చెమట, ప్రశ్నను రెండుసార్లు చదివినా బుర్రకెక్కకపోవడం. మొదటి రెండూ చదువు పద్ధతిలో ఉన్న లోపాలు. వాటికి ప్రాణాయామం పనిచేయదు. మూడోది ఒంటికి సంబంధించింది, దానికి ఇంకో గైడు కొనుక్కున్నా లాభం లేదు. చాలామంది సరిగ్గా ఈ మందుల్నే తారుమారు చేసి వాడతారు.

ముందు పరీక్ష ఏం అడుగుతుందో చూడాలి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు చోట్లా లాసెట్ స్వరూపం దాదాపు ఒకటే. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, కంప్యూటర్ ముందు కూర్చుని రాసేది. పార్ట్-ఎలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, పార్ట్-బిలో కరెంట్ అఫైర్స్ 30, పార్ట్-సిలో న్యాయశాస్త్ర అభిరుచికి 60. తప్పు జవాబుకు మార్కు కోయరు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కు లేదు. 120 ప్రశ్నల్ని 90 నిమిషాలకు పంచితే ఒక్కోదానికి 45 సెకన్లు. అంటే ఇది ఆలోచించి తేల్చే పరీక్ష కాదు, జ్ఞాపకం నుంచి చటుక్కున లాగే పరీక్ష.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ అలా కాదు. అక్కడ దాదాపు 450 పదాల పేరాలిచ్చి వాటి మీద అడుగుతారు, చట్టం ముందే తెలిసి ఉండాల్సిన పని లేదు. నల్సార్‌కో విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకో గురిపెట్టి రెండు పరీక్షలూ రాసేవాళ్లు రెండింటికీ ఒకే రివిజన్ సరిపోతుందనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. క్లాట్ సంగతి కిందకి వచ్చాక చూద్దాం, ముందు లాసెట్.

గుర్తుపట్టడం వేరు, గుర్తుకు రావడం వేరు

హైలైటర్‌తో గీసిన పేజీని నాలుగోసారి చదువుతుంటే "ఇదంతా నాకు వచ్చు" అనిపిస్తుంది. అది కళ్లకు అలవాటు కావడం, అంతే. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనోవిజ్ఞానవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు, మరికొందరు మళ్లీ చదవకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే రాసి చూసుకున్నవాళ్లు ముందున్నారు. మళ్లీ మళ్లీ చదవడం ఎందుకంత తృప్తిగా ఉంటుందో, ఆ తృప్తి పరీక్ష రోజుకు ఎందుకు నిలవదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆఖరి పావుగంటలో ఒక కాగితం మీది నంబర్లు చూసుకోవడం మాత్రం ఎందుకు పనికొస్తుందో కూడా ఇందులోనే ఉంది.

కాబట్టి ఆఖరి వారంలో ప్రధానమైన పనిముట్టు తెల్ల కాగితం. రిట్ల అధ్యాయం, అంటే హక్కుల రక్షణకు పై కోర్టులు ఇచ్చే ఆదేశాలది, తీసుకుందాం. పుస్తకం మూసి, పది నిమిషాలు పెట్టుకుని, కాగితం మీద అయిదు రిట్ల పేర్లు రాయండి. ఇంగ్లిషులో వాడే పేరు ఒక పక్క, తెలుగు పేరు ఇంకో పక్క: హెబియస్ కార్పస్ అంటే బందీ ప్రత్యక్ష, మాండమస్ అంటే పరమాదేశం, ప్రొహిబిషన్ అంటే ప్రతిషేధం, సెర్షియోరరీ అంటే ఉత్ప్రేషణ, కో వారంటో అంటే అధికార పృచ్ఛ. తర్వాత ఎవరు జారీ చేస్తారు? 32వ అధికరణ కింద సుప్రీంకోర్టు, 226 కింద హైకోర్టు. రెండింటిలో దేని పరిధి పెద్దది? హైకోర్టుదే, ఎందుకంటే 226 కింద ప్రాథమిక హక్కులకే కాదు, ఇతర చట్టబద్ధ హక్కులకూ రిట్ ఇవ్వొచ్చు. ప్రైవేటు వ్యక్తి మీద కూడా ఇవ్వగలిగేది ఏది? బందీ ప్రత్యక్ష. కేసు కింది కోర్టులో నడుస్తుండగా ఆపేది ప్రతిషేధం, తీర్పు వచ్చాక దాన్ని కొట్టేసేది ఉత్ప్రేషణ.

రాస్తుంటే ఎక్కడో చెయ్యి ఆగుతుంది. ఆ ఆగిన చోటే మీ అసలు రివిజన్. పుస్తకం తెరిచి ఆ ముక్క మాత్రమే చూసి, ఎర్ర పెన్నుతో కాగితం మీద నింపండి. మర్నాడు ఎర్ర ముక్కల్ని మాత్రం మళ్లీ రాయండి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గిపోతుంది.

తెలుగు, ఇంగ్లిషు పేర్లు రెండూ రాయమన్నది ఊరికే కాదు. కోచింగ్ ఇంగ్లిషులో విని, తెర మీద తెలుగు ప్రశ్న చదివేవాళ్లు 'ఉత్ప్రేషణ' దగ్గర బిక్కమొహం వేస్తారు. కన్సిడరేషన్ అని చదువుకున్నది ప్రతిఫలం అని కనపడుతుంది, టార్టు (పరిహారం కోరదగ్గ సివిల్ తప్పు) అని నేర్చుకున్నది అపకృత్యమనో దుష్కృతి అనో వస్తుంది. ఇలాంటి జంట పదాలు ఓ నలభై యాభై ఒక పేజీలో రాసుకుంటే చాలు. తెలుగు వాక్యం మెలికపడినట్టు అనిపిస్తే పక్కనున్న ఇంగ్లిషు పాఠం మీద ఒకసారి కన్ను వేయడం అలవాటు చేసుకోవాలి. అనువాదంలో 'కానిది ఏది' అన్న మాట వాక్యం చివర ఇరుక్కుని కనపడకుండా పోతుంటుంది.

తికమక పెట్టే జంటలు

ఇదే అన్నిటికంటే ఎక్కువ మార్కులు తినేసేది. లాటిన్ సూత్రాల్లో డామ్నమ్ సైన్ ఇంజూరియా, ఇంజూరియా సైన్ డామ్నో అని రెండున్నాయి. పదాలు అవే, వరస మాత్రం మారుతుంది. మొదటిదాంట్లో నష్టం ఉంది గానీ హక్కుకు భంగం లేదు, కాబట్టి పరిహారం రాదు. రెండోదాంట్లో హక్కుకు భంగం ఉంది, నష్టం లేకపోయినా పరిహారం వస్తుంది. వేర్వేరు రోజుల్లో వేర్వేరు పేజీల్లో చదివితే ఇవి జీవితంలో విడిపోవు. పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికి ఒక్కో కేసు మేకు కొట్టాలి. మొదటిదానికి 1410 నాటి గ్లాస్టర్ గ్రామర్ స్కూల్ కేసు. పాత బడి పక్కనే పోటీగా ఇంకో బడి తెరిచారు, ఫీజులు పడిపోయాయి, అయినా దావా నిలవలేదు. రెండోదానికి 1703 నాటి యాష్‌బీ వర్సెస్ వైట్. ఓటరును ఓటు వేయనివ్వలేదు, అతను వేయాలనుకున్న అభ్యర్థి ఎలాగూ గెలిచాడు, అయినా పరిహారం ఇప్పించారు. బడి, ఓటు. ఈ రెండు మాటలు గుర్తుంటే లాటిన్ దానంతటదే సర్దుకుంటుంది.

కాంట్రాక్టు చట్టంలో చెల్లనిది, చెల్లకుండా చేయదగినది అనేవి ఇలాంటి జంటే. మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదు, దానికి 1903 నాటి మొహరీ బీబీ కేసు. బెదిరించి చేయించుకున్న ఒప్పందం మాత్రం బెదిరింపుకు గురైనవాడు వద్దంటే పోతుంది, సరేనంటే నిలుస్తుంది. టార్టుల్లో 1868 నాటి రైలాండ్స్ కేసు కఠిన బాధ్యతకు, ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకు మీద వచ్చిన ఎం.సి. మెహతా తీర్పు సంపూర్ణ బాధ్యతకు. మినహాయింపులు ఉన్నది మొదటిదానికి, లేనిది రెండోదానికి.

ఇక కొత్త క్రిమినల్ చట్టాల నంబర్లు. ఐపీసీ 511 సెక్షన్లను, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 358 సెక్షన్లను పక్కపక్కన పెట్టి బట్టీ కొట్టాలని ఆఖరి వారంలో పట్టు పట్టడం, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనేసుకెళ్లినట్టే. ఓ పాతిక నంబర్లు చాలు. హత్యకు శిక్ష పాత 302 ఇప్పుడు 103. హత్యాయత్నం 307 ఇప్పుడు 109. ఉమ్మడి ఉద్దేశం 34 ఇప్పుడు 3(5). వరకట్న మరణం 304-బి ఇప్పుడు 80. భార్య పట్ల భర్త, అత్తింటివారి క్రూరత్వం 498-ఎ ఇప్పుడు 85, 86. పరువునష్టం 356. దొంగతనం 303, బలవంతపు వసూలు 308, దోపిడీ 309, బందిపోటు 310. ఎఫ్‌ఐఆర్ సీఆర్‌పీసీ 154 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 173కి వెళ్లింది.

ఇందులో ఒక ఎర కూడా ఉంటుంది. జనం నోట్లో నానిన 'ఫోర్ ట్వంటీ' కొత్త సంహితలో ఉండే అవకాశమే లేదు, మొత్తం సెక్షన్లే 358. ఆ మోసం ఇప్పుడు 318(4). 302 మాత్రం ఉంది, అయితే అది మత విశ్వాసాలను గాయపరిచే మాటలకు సంబంధించింది. అందుకే నంబరును ఒంటరిగా గుర్తుపెట్టుకోకుండా చట్టం పేరుతో కలిపి పైకి అనాలి: "బీఎన్‌ఎస్ 103 హత్య, ఐపీసీ 302 హత్య." నోటితో జంటగా అంటే హాల్లో జంటగానే వస్తుంది.

రాజ్యాంగం, వర్తమానం కలిసే చోటు

ఆఖరి వారంలో కరెంట్ అఫైర్స్ ఒక ఊబి. రోజుకు రెండు గంటలు వీడియోలు చూస్తే రెండు ప్రశ్నలు కూడా రాకపోవచ్చు. ఏడాది మొత్తాన్ని నెలకొక పేజీ చొప్పున పన్నెండు పేజీల్లోకి దించుకుని ఆ పేజీలు మాత్రమే తిప్పడం మేలు. పరీక్షకు నాలుగు రోజుల ముందు కొత్త పేజీ రాయడం ఆపేయాలి. పాత గైడులో అచ్చయిన పదవుల జాబితాను మాత్రం అసలు నమ్మకూడదు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పేరే చూడండి: 2024 నవంబరులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, 2025 మేలో జస్టిస్ బి.ఆర్. గవాయ్, అదే ఏడాది నవంబరులో జస్టిస్ సూర్యకాంత్. ఏడాది వెనకటి గైడు పట్టుకుంటే మార్కు పోయినట్టే.

వార్తల్లో వచ్చిన తీర్పును దాని వెనకున్న పాత తీర్పుతో ముడివేసి పెట్టుకుంటే ఒక్క దెబ్బకు రెండు భాగాల్లో ప్రశ్నలు వస్తాయి. ఎస్సీ వర్గీకరణ మనవాళ్లకు అందుబాటులో ఉన్న ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని కొట్టేసిన ఇ.వి. చిన్నయ్య తీర్పు 2004లో, అయిదుగురు జడ్జీలది. దాన్ని తోసిపుచ్చుతూ 2024 ఆగస్టు 1న వచ్చిన పంజాబ్ వర్సెస్ దవిందర్ సింగ్ తీర్పు ఏడుగురిది, ఆరు-ఒకటి మెజారిటీ. రాజ్యాంగ సవరణల వరసా అంతే. 1967లో గోలక్‌నాథ్ తీర్పు ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదంది. ఆ తీర్పు వెలువరించిన ప్రధాన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు ఏడు-ఆరు మెజారిటీతో గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టి, మౌలిక స్వరూపాన్ని మాత్రం ముట్టుకోవద్దంది. 1980లో మినర్వా మిల్స్ దాన్ని గట్టిపరిచింది. కథలా చెప్పుకుంటే సంవత్సరాలు వాటంతటవే వరసలో నిలబడతాయి.

సవరణల్లో ఎక్కువగా తడబడేది 42, 44 దగ్గర. ప్రాథమిక విధులు 42వ సవరణతో 1976లో వచ్చాయి. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300-ఎలో పెట్టింది 1978 నాటి 44వ సవరణ. పదకొండో విధిని చేర్చింది 2002 నాటి 86వది. మెంటల్ ఎబిలిటీ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు: కొత్త షార్ట్‌కట్లు నేర్చుకోకుండా రోజుకు పదిహేను లెక్కలు చేసి చెయ్యి వేడిగా ఉంచుకుంటే సరి.

మాక్ టెస్టు తర్వాతే అసలు పని

పరీక్షకు ఏడు, ఆరు, అయిదు రోజుల ముందు ఒక్కో పూర్తి మాక్ రాయండి, మీ పరీక్ష ఏ పూట ఉందో ఆ పూటే. మధ్యాహ్నం పరీక్షకు తెల్లవారుజామున మాక్ రాస్తే ఒళ్లు నేర్చుకునేది తప్పుడు సమయం. రాశాక స్కోరు చూసి మురిసిపోయో కుమిలిపోయో వదిలేస్తే ఆ గంటన్నర దండగ. ప్రతి తప్పు పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి వేయాలి: తెలియనిది, తికమకది, తొందరది. తె, తి, తొ.

'తె' గుర్తు పడినవి ఎక్కువగా ఉండి, అన్నీ ఒకే అధ్యాయంలోవైతే ఆ అధ్యాయం చదవండి, చెల్లాచెదురుగా ఉంటే వదిలేయండి. ఈ వారంలో అవి పూడవు. 'తి' గుర్తు పడ్డవన్నీ జంటల పేజీలోకి వెళ్లాలి. 'తొ' గుర్తు పడ్డవి ప్రశ్నను సగమే చదివి కొట్టినవి. వాటికి చదువు అక్కర్లేదు, "సరికానిది", "మినహా", "బీఎన్‌ఎస్‌ఎస్" లాంటి మాటల మీద కర్సరు పెట్టి ఆగే అలవాటు కావాలి. చాలామందికి మాక్‌లో పోయే మార్కుల్లో 'తె' కంటే 'తి', 'తొ' ఎక్కువుంటాయి. లెక్క కళ్లముందు కనపడితే భయమూ కొంత దిగుతుంది, ఎందుకంటే ఆ రెండూ వారంలో బాగుచేసుకోగలిగినవే.

నాలుగో రోజు నుంచి మాక్‌లు ఆపేయండి. రెండు రోజుల ముందు రాసిన మాక్‌లో మార్కులు తగ్గితే ఆ దిగులు పరీక్ష దాకా వెంట వస్తుంది, పెరిగినా కొత్తగా ఒరిగేది లేదు.

ఇక అసలు భయం

భయం పుట్టినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు తడుస్తాయి. కొంతవరకు ఇది మేలే చేస్తుంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ ఎలుకల మీద చేసిన పాత ప్రయోగం నుంచి ఈ మాట వాడుకలో ఉంది: ఉద్రేకం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా కష్టమైన పని చెడుతుంది. దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, ప్రశ్నను, నాలుగు ఆప్షన్లను ఒకేసారి పట్టుకుని తూచే జ్ఞాపకం చాలా ఇరుకైంది. "రాకపోతే ఇంట్లో ఏమంటారు" అన్న ఆలోచన అందులో సగం జాగా ఆక్రమిస్తే ప్రశ్నకు చోటుండదు. అందుకే వాక్యం రెండుసార్లు చదివినా ఎక్కదు. మరిచిపోయారని కాదు, పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆ చెయ్యిని ఖాళీ చేయడానికి ఒక దారి రాసేయడం. 2011లో రమీరెజ్, బైలాక్ చేసిన పరిశోధనలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల్ని కాగితం మీద పెట్టిన విద్యార్థులు మెరుగ్గా రాశారు. తర్వాత చేసిన ప్రయోగాలన్నిట్లో ఫలితం అంత స్పష్టంగా రాలేదు గానీ, పది నిమిషాల పని, ఖర్చు లేదు. బయల్దేరే ముందు ఇంట్లోనే రాసి చింపేయొచ్చు. రెండో దారి ఊపిరి. గాలి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పీల్చడం కంటే పొడుగ్గా ఉండాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, అయిదారు సార్లు. హడావిడిగా పెద్ద పెద్ద ఊపిరులు లాగితే తల తిరుగుతుంది, ఆ తిరగడాన్ని మళ్లీ భయమనుకుంటారు. ఇంకో సంగతి: దడను బలవంతంగా అణచాలని చూస్తే అది ఇంకా పెరుగుతుంది. "ఒళ్లు సిద్ధమవుతోంది" అని దానికి పేరు మార్చి పెట్టుకోవడం తేలిక.

లాసెట్ సాధారణంగా మే, జూన్ నెలల్లో వస్తుంది. ఆ ఎండలో నీళ్లు తక్కువైతే వచ్చే తలనొప్పి, దడ, నీరసం అచ్చం పరీక్ష భయంలాగే ఉంటాయి. ముందురోజు నుంచే మజ్జిగ, నీళ్లు పుచ్చుకుంటూ ఉండాలి. పొద్దున ఇడ్లీయో పెరుగన్నమో, ఒంటికి అలవాటున్నదే తినాలి. కొత్తావకాయ ఎంత ఊరించినా ఆ పూటకు జాడీ మూత తీయకండి. రోజూ ఒక కప్పు కాఫీ తాగేవాళ్లు ఒక కప్పే తాగాలి. మానేస్తే తలనొప్పి, రెండైతే చేతులు వణుకు.

రాత్రంతా మేలుకుని చదవడం గురించి ఒక్క మాట. పగలు చదివింది నిద్రలోనే గట్టిపడుతుంది. నైటవుట్‌తో పది నంబర్లు అదనంగా వస్తాయేమో గానీ, 'సరికానిది' అన్న మాట కంటపడకుండా పోయే తప్పులు అంతకు రెట్టింపవుతాయి. ముందురోజు సాయంత్రం ఏడింటికి జంటల పేజీ, నంబర్ల పేజీ ఒకసారి చూసి మూసేయండి. తర్వాత హాల్‌టికెట్, ఫొటో ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు, హాల్‌టికెట్‌లో తెమ్మన్న మిగతావి ఒక కవరులో పెట్టండి. వేలిముద్ర తీసుకునే చోట గోరింటాకు ఇబ్బంది పెడుతుంది, ఇంట్లో పెళ్లి ఉన్నా ఆ వారం చేతులకు వద్దు. సెంటరు ఊరికి కొత్తయితే ముందురోజే వెళ్లి గేటు చూసి రావడం మంచిది. ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలు, క్యాంపస్‌లు ఉండటం మన నగరాల్లో మామూలే. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపని నిబంధన తెలిసిందే.

తెర ముందు 90 నిమిషాలు

వెబ్‌సైట్లో పెట్టిన మాక్ టెస్టును ఒకసారైనా నొక్కి చూసిన వాళ్లకు సగం బెరుకు పోతుంది. సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కకుండా పక్క ప్రశ్న నంబరు మీద నొక్కితే ఎంచుకున్న జవాబు నిలవదు. చాలా కంప్యూటర్ పరీక్షల్లో జరిగే ప్రమాదం ఇదే. జవాబు ఎంచుకోకుండా రివ్యూకు గుర్తు పెట్టినది ఖాళీ కిందే లెక్క.

మొదటి చుట్టుకు 50 నిమిషాలు ఇవ్వండి. చదవగానే జవాబు తట్టినవి మాత్రమే కొట్టుకుంటూ మొత్తం 120 చూసేయాలి. రెండో చుట్టుకు 30 నిమిషాలు, రెండు ఆప్షన్ల మధ్య ఊగేవాటికి. చివరి పది నిమిషాలు ఖాళీలకు. మైనస్ లేదు కాబట్టి ఒక్క ఖాళీ కూడా మిగలకూడదు. 20 ప్రశ్నలు కళ్లు మూసుకుని కొట్టినా సగటున 5 కలుస్తాయి, 42 గట్టు దగ్గర ఊగుతున్నవాళ్లకు ఆ అయిదే ఒడ్డు.

వరసగా మూడు ప్రశ్నలు రాకపోతే గుండె జారుతుంది. అప్పుడు నాలుగోదాని మీద పంతం పట్టకుండా భాగం మార్చేయండి. పార్ట్-సిలో ఉంటే ఏదో ఒక తేలిక లెక్కకు వెళ్లి, అది చేసి, రెండు పొడుగు ఊపిరులు వదిలి రండి. ఒక్క సరైన జవాబు పడితే బుర్ర మళ్లీ తెరుచుకుంటుంది.

క్లాట్‌కు ఇదంతా ఎందుకు సరిపోదంటే

క్లాట్ కాగితం మీద, ఓఎంఆర్ పత్రంతో జరుగుతుంది. 120 నిమిషాలకు 120 ప్రశ్నలు, తప్పుకు 0.25 కోత. ప్రశ్నకు నిమిషం కదా అని ధీమా పడితే పొరపాటే. పేరాకు సుమారు అయిదు ప్రశ్నలనుకుంటే 24 పేరాలు. నిమిషానికి 200 పదాలు చదివేవాళ్లకు 450 పదాలకు రెండుంబావు నిమిషాలు, అంటే చదవడానికే 54 నిమిషాలు. బుడగకు అయిదు సెకన్ల చొప్పున దిద్దడానికి మరో 10. మిగిలిన 56 నిమిషాల్లో ప్రశ్నకు దక్కేది 28 సెకన్లే. లెక్కల విభాగంలో పేరాలు చిన్నవి కాబట్టి కాస్త వెసులుబాటు. కాబట్టి ఇక్కడ ఆఖరి వారం నంబర్ల బట్టీ దండగ. రోజుకు ఎనిమిది పది పేరాలు గడియారం పెట్టుకుని చదవడమే రివిజన్.

లాసెట్‌కు చదివిన చట్టం లీగల్ రీజనింగ్‌లో కాలికి అడ్డం పడుతుంది. "అనుమతి లేకుండా ఇతరుల భూమిలో అడుగు పెడితే, నష్టం జరిగినా జరగకపోయినా, ఏ ఉద్దేశంతో అయినా బాధ్యుడే" అని పేరాలో నియమం ఇచ్చారనుకోండి. తప్పిపోయిన మేక కోసం ఒకాయన పక్కవాడి చేలోకి వెళ్లాడు, మొక్క కూడా నలగలేదు. చట్టం చదివినవాడు 'అవసరం' అనే మినహాయింపు గుర్తు తెచ్చుకుని బాధ్యుడు కాడంటాడు. పేరాలో ఆ మినహాయింపు లేదు. జవాబు: బాధ్యుడే.

నెగెటివ్ మార్కుల మీద కూడా ఒక అపోహ ఉంది, తెలియకపోతే అస్సలు ముట్టుకోవద్దని. లెక్క వేయండి. 16 ప్రశ్నలు గుడ్డిగా కొడితే సగటున 4 ఒప్పు, 12 తప్పు. నాలుగు వచ్చి మూడు పోయి ఒకటి మిగులుతుంది. అంటే గుడ్డిదెబ్బతో పెద్దగా లాభం లేదు, నష్టమూ లేదు. నాలుగింటిలో రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ప్రశ్నకు సగటున 0.375 వస్తుంది. దాన్ని వదిలేయడం మాత్రం పిరికితనమే. బుడగలన్నీ ఆఖరుకు దాచుకోకుండా పేరా అయిన వెంటనే దిద్దాలి, ప్రతి పదో ప్రశ్న దగ్గర పుస్తకంలో నంబరు, పత్రంలో నంబరు సరిచూసుకోవాలి. ఒక ప్రశ్న వదిలేసి దాని బుడగ వదలడం మరిచిపోతే అక్కడినుంచి అన్నీ ఒక గడి జరుగుతాయి. పెన్నుతో దిద్దినదాన్ని చెరపడం కుదరదు.

జవాబు మార్చాలా, వద్దా

"మొదట తట్టిందే కరెక్టు, మార్చొద్దు" అని తరతరాలుగా చెబుతున్నారు. 2005లో క్రూగర్ బృందం 1,500 మందికి పైగా విద్యార్థుల జవాబుపత్రాల్లో చెరిపి రాసినవన్నీ లెక్కపెట్టింది. మార్చినవాటిలో సగం తప్పు నుంచి ఒప్పుకు వెళ్లాయి, ఒప్పు నుంచి తప్పుకు వెళ్లినవి పావువంతు. మార్చి చెడగొట్టుకున్నది ఏళ్ల తరబడి కెలుకుతుంది, మార్చి బాగుపడ్డది మర్నాటికి మరిచిపోతాం. అందుకే ఆ నమ్మకం అంత గట్టిగా నిలిచింది. అలాగని "ఎందుకో అనుమానంగా ఉంది" అని మార్చకండి. మార్చడానికి చూపించగలిగే కారణం ఉండాలి: వదిలేసిన మాట కంటపడటం, ఇంకో ప్రశ్నలో దీని జవాబు దొరకడం, లెక్కలో తప్పు తేలడం. ఆఖరి చుట్టులో 144 దగ్గరికి మళ్లీ వచ్చి, దాని ముందు 'సీఆర్‌పీసీ' ఉందో 'బీఎన్‌ఎస్‌ఎస్' ఉందో ఈసారి సరిగ్గా చూశారనుకోండి. రెండోదైతే నిషేధాజ్ఞల మీదున్న గుర్తు తీసి భరణం మీద పెట్టి, సేవ్ నొక్కి, పక్క ప్రశ్నకు వెళ్లండి.